చిట్టెమ్మ జాడ, గురువమ్మ చుట్ట

గురువమ్మ మాట్లాడకుండా కూర్చుందంటే నోట్లో నిప్పు ఉన్నట్టు. మిగతా వేళల్లో మా మామ్మ నోటికి తీరిక లేదు. కంచరపాలెం రైలు గేటు పక్కన అరుగు మీద కూర్చుని, వేళకి రాలేదని గూడ్సు బండిని కూడా తిట్టేది. చుట్ట వెలిగించి, మండుతున్న కొసను లోపలికి తిప్పి పెదవులు మూశాక మాత్రం వీధి కాసేపు చల్లబడేది. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ తరం ఆడవాళ్ళకి కాఫీ లేకపోయినా గడిచేది కానీ అడ్డపొగ లేకపోతే పొద్దు గడిచేది కాదు. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరదట, బూడిద చీర మీద రాలదట, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయట. అన్నిటికంటే ముఖ్యంగా, చుట్ట కాలుస్తున్న సంగతి ఎదుటి మనిషికి తెలియనే తెలియదట.

తెలియదని ఆమె ఒక్కతే నమ్మేది. ఆమె సందు మొదట్లో అడుగు పెట్టేసరికే సందు చివర గోళీలాడుతున్న మనవలు గోళీలు జేబులో వేసుకుని పలకలు పట్టుకునేవాళ్ళు. మనిషి కంటే ముందు పొగ ఇంటికి చేరేది. ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. చెబితే ఎవరికి నష్టమో మనవలకు బాగా తెలుసు.

గురువమ్మది అసలు కంచరపాలెం కాదు. గాజువాక అవతల ఆమె మెట్టిన ఊరు ఉక్కు ఫ్యాక్టరీ స్థలంలోకి పోయింది. జీడితోట, బావి, గేదెల పాక అన్నీ కొలతల తాడు కింద పడిపోయాయి. భర్త పోర్టులో కళాసీ కాబట్టి, ఆయన తమ్ముడి కుటుంబంతో కలిసి కంచరపాలెం చేరారు. ఒకే పెంకుటిల్లు, మధ్యలో ఒక గోడ. గోడకి ఇవతల గురువమ్మ, అవతల తోటికోడలు చిట్టెమ్మ. గోడలో చిన్న కిటికీ ఉండేది. చింతపండు, ఉప్పు, తగువులు అందులోంచే వచ్చిపోయేవి. మగవాళ్ళిద్దరూ కాలం చేశాక కూడా కిటికీ మూతపడలేదు.

భర్త పోయిన తర్వాత గురువమ్మకు అటవీ శాఖ వాళ్ళ షెడ్డులో పని దొరికింది. అడవివరం దాటాక, కొండ కింద ఆ షెడ్డు. అందులో కోతులు. ఒక వ్యాపారి వాటిని పట్టించి, ఓడల మీద పై దేశాల మందుల పరీక్షలకి పంపుతుండేవాడు. కోతుల్ని అలా పంపడం సర్కారు ఆపేశాక, అతని గోదాములో మిగిలిన వాటిని ఇక్కడికి తెచ్చారు. కొన్ని బోనులోనే పుట్టినవి. చెట్టు ఎక్కడం తెలియదు. ఆకు ఇస్తే అది తినేదని తెలియదు. బోను తలుపు తీసినా బయటికి రాకుండా ఒక మూల గుండ్రంగా తిరిగేవి.

గురువమ్మ పని షెడ్డు ఊడవడం, ఆకులూ కాయలూ కోసి పెట్టడం. మనుషులకి వండిపెట్టీ తిట్టీ అలవాటైన మనిషి, కోతులకీ అలాగే పెట్టింది, అలాగే తిట్టింది. పెట్టే ముందు ఒక చుట్ట వెలిగించేది. నోరు మూసుకుని, చేతులతో పని చేసుకుంటూ, బోను నుంచి బోనుకు వెళ్ళేది.

అందులో ఒక ఆడపిల్ల కోతి ఉండేది. నడుం చుట్టూ తాడు ఒరిపిడికి బొచ్చు ఊడిపోయింది. ఎవరిమీదైనా అలిగితే అటు తిరిగి కూర్చుని, భుజం మీంచి ఒక్క కన్నుతో చూసేది. ఆ చూపు గురువమ్మకు ఎక్కడో చూసినట్టనిపించింది. ఇంటికెళ్ళి కిటికీలోంచి అవతలికి చూశాక ఎక్కడో గుర్తొచ్చింది. మర్నాటి నుంచి ఆ కోతి పేరు చిట్టెమ్మ.

సంగతి ఇంటికి చేరడానికి వారం పట్టలేదు.

"ఏటప్పా, నా పేరు కోతికెట్టినావట?" కిటికీ అవతలి నుంచి తోటికోడలు అడిగింది.

"ఎవులు సెప్పినారు?"

"గేటు కాడ గుంటలందరూ నన్ను సూసి పళ్ళికిలిత్తన్నారు."

"ముద్దొచ్చి ఎట్టినానే."

"ముప్పయ్యేళ్ళు పక్కన కాపరం సేసినాను. నా మీద నీకెన్నడొచ్చిందప్పా ముద్దు?"

అప్పటికే గురువమ్మ నోట్లో నిప్పు ఉంది.

ఆ కోతికి జామకాయ ఇచ్చేముందు గురువమ్మ దాన్ని చీర కొంగుకు గట్టిగా తుడిచేది. చిట్టెమ్మ చూసీ చూసీ, తనకి కొంగు లేదు కాబట్టి, కాయని తొడ మీద తుడుచుకుని తినడం మొదలుపెట్టింది. తుడవకుండా ఏదీ తినేది కాదు. గురువమ్మ దానికి మురిసిపోయి వచ్చినవాళ్ళందరికీ చూపించేది. తన మనవలు మట్టి చేతులతో తింటారని కూడా కలిపి చెప్పేది.

కోతులు చెట్లెక్కడం, ఆకులు ఏరుకుని తినడం నేర్చాక, దసరా వానలు వెలిశాక, రేంజరు రమణమూర్తి గారు వాటిని కొండలో విడిచిపెట్టడానికి ముహూర్తం పెట్టారు. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ఏ కోతి ఏదో దూరం నుంచి తెలియాలంటే గుర్తులుండాలన్నారు. గార్డు నజీర్ అహ్మద్ పోర్టు పక్క పాత ఊరి మనిషి. వాళ్ళావిడ మెహబూబ్ బీ గోరింటాకు నూరి పెద్ద గిన్నెతో పంపింది.

"మా చెల్లి పెళ్ళికి కూడా మా ఇంట్లో ఇంత నూరలేదు, పెద్దమ్మా" అన్నాడు నజీర్.

ఒకదానికి తోక కొసన, ఒకదానికి వీపున, ఒకదానికి భుజాన పూశారు. చిట్టెమ్మకు చెయ్యి మీద పూస్తే చాలన్నారు రేంజరు. గురువమ్మ ఒప్పుకోలేదు.

"ఆడకూతురు బాబూ. బోసి మొకంతో పంపుతామేటి?" అని నుదుటి మీద గుండ్రంగా పెట్టింది.

విడిచిపెట్టే ముందు రేంజరు గారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. ఇక మీదట చేత్తో ఏదీ పెట్టకూడదు. పిలవకూడదు. ఎక్కడుంది, ఏం తింటోంది, కొండ కోతుల మందలో కలిసిందా లేదా, దూరం నుంచి చూసి వచ్చి చెప్పాలి. అంతే.

"మనుషుల దగ్గరికి తిరిగొచ్చిన కోతిని మాత్రం పట్టెయ్యాల్సిందే. ఇళ్ళ మీద పడుతుంది, పిల్లల్ని కరుస్తుంది. దానికిక బతికినంతకాలం బోనే, గురువమ్మా. ఇంకోసారి వదలం."

"మరి ఈటికి ఆర్ కార్డులిచ్చినారేటి బాబూ?" అంది గురువమ్మ. ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్ళు ఇచ్చినవాళ్ళకి ఉద్యోగాల కోసం ఇచ్చే కార్డు అది. "మాకూ ఇలాగే ఒక ఊరు తీసీసి ఇంకో ఊరు సూపించినారు. ఎనక్కి తిరిగి రావొద్దన్నారు."

రేంజరు గారు నవ్వారు కానీ గురువమ్మ నవ్వలేదు. బోను మూలలో గుండ్రంగా తిరిగే చిట్టెమ్మను చూసింది ఆమె. ఇంకోసారి దాన్ని అలా చూడటం తనవల్ల కాదని ఆమెకు తెలుసు.

గోరింటాకు బొట్టుతో చిట్టెమ్మ చెట్టెక్కింది. వెనక్కి చూసింది. పైకి పోయింది.

కోతుల జాడ చూసే పని నజీర్‌కీ గురువమ్మకీ పడింది. నజీర్ కుర్రాడు, కాళ్ళలో బలం ఉంది. ముళ్ళ కంపల్లో దూరి, గెడ్డలూ వాగులూ దాటి, లోయల్లోకి దిగేవాడు. చొక్కా చింపుకుని, ఏమీ చూడకుండా తిరిగొచ్చేవాడు. గురువమ్మ అంత శ్రమ పడలేదు. కాస్త పైకెక్కి, జీడిచెట్టు కింద ఒక నల్లరాయి ఉంటే దాని మీద కూర్చునేది. మోకాళ్ళు ఒత్తుకునేది. చుట్ట వెలిగించి నోరు మూసేది. చుట్ట సగం కాలేలోపు ఎదురు కొమ్మ మీద గోరింటాకు బొట్టు కనిపించేది. ఒక్కో రోజు తోక కొసన ఎర్రగా ఉన్నదీ, భుజాన ఎర్రగా ఉన్నదీ కూడా వచ్చి చూసిపోయేవి. గురువమ్మ ఏమీ పెట్టేది కాదు. పిలిచేది కాదు. రేంజరు చెప్పిన మాట జవదాటలేదు. చూసి, దిగి వచ్చి, చెప్పేది.

"అగుపించింది బాబూ. నల్లరాయి కాడ."

"మళ్ళీ నువ్వేనా?" అనేవారు రేంజరు గారు. "నజీర్, ఈవిడ కళ్ళు చూడవయ్యా."

"సార్, నేను కొండంతా తిరిగాను సార్."

"తిరిగితే అగుపడవు బాబూ" అనేది గురువమ్మ. "కూకోవాల."

ఆ మాట మీద రేంజరు గారికి గౌరవం పుట్టింది. పై ఆఫీసుకి పంపే రిపోర్టులో రాశారు కూడా. ఇంకో కొండ దగ్గర ఇలాంటి పని మొదలైతే అక్కడి వాచర్లకి ఈవిడ చేత నేర్పించాలన్నారు. గురువమ్మ ఆ సంగతి కంచరపాలెం గేటు దగ్గర అందరికీ చెప్పింది. గేటు మూసి ఉన్నప్పుడు చెబితే ఎవరూ తప్పించుకోలేరు కదా, గేటు పడేదాకా ఆగి మరీ చెప్పింది. తన చూపు డేగ చూపని, కొండలో ఆకు కదిలితే తన కంటికి ఆనుతుందని అంది. అదే మనిషి ఇంట్లో సూదిలో దారం ఎక్కించడానికి మనవల్ని పిలిచేది.

కార్తీకమాసంలో తోటికోడలు ఉసిరికాయలకి కొండకి వస్తానంది. గురువమ్మకి సంబరమైంది. తన గొప్ప చూడాల్సిన మనిషి చూడకపోతే గొప్పకి అర్థం ఏముంది. ఇద్దరూ బస్సు దిగి కొండ ఎక్కడం మొదలుపెట్టారు. తోటికోడలు బొద్దుగా ఉంటుంది, ఆయాసం. వెనకబడింది. గురువమ్మ చుట్ట వెలిగించి, చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని, ముందున్న చెట్లన్నీ జల్లెడ పడుతూ నడుస్తోంది.

"అప్పా" అంది తోటికోడలు వెనక నుంచి.

గురువమ్మ చెయ్యి ఊపింది, మాట్లాడొద్దన్నట్టు.

"అప్పా, ఒక్కపాలి ఎనక్కి సూడు."

గురువమ్మ తిరగలేదు. ముందు చూపు చెదిరితే ఎలాగ. తోటికోడలు అక్కడే ఒక రాయి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి పమిటతో కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వుకి కోపం వచ్చి గురువమ్మ వెనక్కి తిరిగింది. తనకూ తోటికోడలికీ మధ్య, బాట పక్క చెట్టు మీద, చిట్టెమ్మ. గోరింటాకు బొట్టుతో, తీరిగ్గా, కాళ్ళు వేలాడేసుకుని.

"నువ్వు ముందుకి సూసుకుని దాన్ని ఎతుకుతన్నావు" అంది తోటికోడలు. "అది కింద మలుపు కాడ నుండి నీ ఎనకాలే నడుత్తన్నాది. ఇదేనేటప్పా నీ డేగ సూపు?"

గురువమ్మ చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. "ఇయాల అలా అయిపోనాది. రోజూ అలా కాదు."

"రోజూ ఎక్కడ కూకుంటావు?"

"నల్లరాయి కాడ."

"కూకుని ఏటి సేత్తావు?"

గురువమ్మ చేతిలో చుట్ట వైపు చూసుకుంది.

"నీ సుట్ట వోసన మన గోడ దాటి నా కూరలోకి వచ్చీత్తాది" అంది తోటికోడలు. "షెడ్డులో ఆ వోసన తగిల్తే కూడొచ్చేది దానికి. ఇప్పుడూ కూడొత్తాదని వత్తన్నాది. నువ్వు దాన్ని ఎతకడం ఎక్కడిదప్పా. అదే నిన్ను ఎతుకుతన్నాది."

"నిప్పు నోపల ఉంటాదే. వోసన ఎలా వత్తాది?"

ఆ మాట గురువమ్మ మనస్ఫూర్తిగానే అంది. తోటికోడలికి మళ్ళీ నవ్వొచ్చింది. వాదించకుండా లేచి, గురువమ్మ చేతిలోంచి చుట్ట తీసుకుని రాతికి రాసి ఆర్పి, చెట్టు మొదట్లోకి విసిరింది. ఇద్దరూ పక్కకి జరిగారు. చిట్టెమ్మ దిగి వచ్చింది. చుట్ట ముక్క తీసుకుని వాసన చూసింది. తొడ మీద తుడిచింది. షెడ్డులో తిండి పళ్ళెం చూసినప్పుడు చేసే చిన్న కూత ఒకటి చేసింది. అటూ ఇటూ చూసింది, పళ్ళెం ఎక్కడుందా అని.

గురువమ్మ చుట్ట ముక్క వంకా చిట్టెమ్మ వంకా మార్చి మార్చి చూసింది.

ఆ రోజు ఉసిరికాయలు కోయకుండానే దిగిపోయారు. చిట్టెమ్మ కూడా దిగింది. అదిలిస్తే ఆగేది, నడిస్తే నడిచేది. అడవివరం రోడ్డు దాకా వచ్చి, బస్సు ఆగేచోట టీ కొట్టు కప్పు మీద కూర్చుంది. సింహాచలం వెళ్ళే భక్తులు బస్సు దిగుతూ బొట్టున్న కోతిని చూసి చేతులు జోడించి అరటిపళ్ళు అందించారు. చిట్టెమ్మ ఒక్కొక్క పండూ తుడుచుకుని తింది. టీ కొట్టువాడు కర్ర తీశాడు. ఎలాగో కొండవైపు తోలేసరికి గురువమ్మకు ముచ్చెమటలు పోశాయి. కానీ నజీర్ అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. చూశాడు.

"పెద్దమ్మా, నేను చెప్పకపోతే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు తల దించుకుని.

"సెప్పు బాబూ. సెప్పకేటి."

మర్నాడు షెడ్డుకి వెళ్ళేసరికి బోను బయటికి తీసి కడుగుతున్నారు. వల కూడా ఎండలో పరిచారు. రేంజరు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"నీకు బాధగానే ఉంటుంది గురువమ్మా. కానీ చెప్పానుగా. రోడ్డు మీదికొచ్చింది, చేతిలోంచి తింది. ఈసారి పిల్లల మీద పడుతుంది."

గురువమ్మ బోను వంక చూసింది. రాత్రంతా ఒక మాట మింగి ఉంచుకుంది. అది చెబితే డేగ చూపు పోతుంది, వాచర్లకి నేర్పించే గొప్ప పోతుంది, జాడ చూసే పని కూడా పోవచ్చు. చెప్పకపోతే చిట్టెమ్మ పోతుంది.

"బాబూ, అది మనుసుల కాడికి రానేదు. నా కాడికొచ్చింది."

"రెండూ ఒకటే కదా."

"కాదు బాబూ. నాను ఒక్కనాడూ దాన్ని ఎతకనేదు. నా సుట్ట వోసనకి అదే వచ్చీది. ఆ మిగతా రెండూ అంతే. నాకేటీ తెల్దు. నాను ఎతుకుతన్నాననుకున్నాను." బోను చువ్వ మీద చెయ్యి వేసింది. "నజీరుకి అగుపడనేదంటే అవి సరింగానే ఉన్నాయన్నమాట బాబూ. నా కాడికొచ్చినప్పుడే సెడిపోనాయి. తప్పు నాది. బోనెందుకు దానికి?"

రేంజరు గారు ఎండలో పరిచిన వల వంక చూశారు. నజీర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక అతని భుజాలు కదులుతున్నాయి.

"అయితే నేను పైకి పంపిన రిపోర్టులన్నీ నీ చుట్ట రాసిందన్నమాట" అన్నారు రేంజరు గారు చివరికి.

"అంతే బాబూ."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తీశాక మొహం మామూలుగానే ఉంది. "జీడిపళ్ళ కాలం దాకా ఆగుతాను. అప్పటికి అది మందలో కలిసిందని మీ ఇద్దరూ చూసి చెప్పాలి. ఈలోగా మళ్ళీ రోడ్డెక్కిందంటే మాత్రం నన్నడగొద్దు."

ఆ సాయంత్రం గురువమ్మ ఇంట్లో ఉన్న చుట్టలన్నీ తీసి పొయ్యిలో పెట్టింది. ఒకటి తప్ప. ఆ ఒకటీ రొండిలో దోపుకుంది. కాల్చడానికి కాదట, నడుముకి ధైర్యం కోసమట.

కంచరపాలెం ఆ తర్వాతి నెలలు మర్చిపోలేదు. నోట్లో నిప్పు లేకపోయేసరికి గురువమ్మ ఆగడమన్నదే లేకుండా మాట్లాడింది. గేటుమేను బదిలీకి అర్జీ పెట్టుకున్నాడని చెప్పుకునేవాళ్ళు. చింతపిక్కలు నమిలింది, సోంపు నమిలింది, తోటికోడల్ని నమిలింది. అందరికంటే నష్టపోయింది మనవలు. సందులోకి వచ్చేముందు వాసన రావడం మానేసింది. గోళీలతో సహా దొరికిపోయారు.

అయినా కొండెక్కిన మొదటి వారమే చిట్టెమ్మ మళ్ళీ వచ్చి నల్లరాయి ఎదురు కొమ్మ మీద కూర్చుంది. గురువమ్మ దాన్ని అదిలించింది. రాయి తీసి విసిరినట్టు చెయ్యి ఎత్తింది. చిట్టెమ్మ అలిగి అటు తిరిగి, భుజం మీంచి ఒక్క కన్నుతో చూసింది. గురువమ్మ ఎత్తిన చెయ్యి దించలేక, విసరలేక, అలాగే దిగిపోయింది.

"నోట్లో నేకపోతే ఏటి, ఒంటికే పట్టీసింది" అంది తోటికోడలు ఆ రాత్రి కిటికీలోంచి. "నీ జుట్టు, నీ సీరలు అన్నీ సుట్టే."

చీరలన్నీ సోడాలో ఉడకబెట్టారు. కుంకుడుకాయతో తల రుద్దారు. తోటికోడలు ఎండలో ఆరిన చీర ముక్కు దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. లోపలికెళ్ళి, ట్రంకు పెట్టె తీసి, తన ఆకుపచ్చ నేత చీర, జాకెట్టు పట్టుకొచ్చి కిటికీలోంచి అందించింది. మంచి చీర. పెళ్ళిళ్ళకి కట్టేది.

"ఇది కట్టుకెల్లు. నా వోసన దానికి తెల్దు."

"నీ వోసన నాకూ పడదు."

"పడకపోతే ముక్కు మూసుకో. ఆ గుంట బోనులోకి ఎల్లిపోద్దేటి, నా పేరెట్టుకుని?"

గురువమ్మ చీర తీసుకుంది. జాకెట్టు బాగా వదులు. పిన్నీసులు పెట్టుకుని, తోటికోడలి చీరలో తోటికోడలి వాసనతో కొండెక్కింది. ఇప్పుడు నల్లరాయి దగ్గరకు వెళ్ళడం మానేసింది. నజీర్ వెనకాల నడిచింది.

అప్పటినుంచి అసలు కష్టం మొదలైంది. చిట్టెమ్మ కనబడలేదు. మొదట సంతోషించింది గురువమ్మ. తర్వాత భయం పట్టుకుంది. రోడ్డు మీదికి రాలేదంటే మంచిదే. కొండ మీద కూడా లేకపోతే? చిరుత తిరిగే కొండ అది. కొత్త కోతిని మందలోకి రానివ్వక కరిచి చంపడం కూడా ఉంటుందని నజీర్ ఒకసారి నోరుజారాడు.

"ముందు ఏటి సూడాలో సెప్పు బాబూ" అంది గురువమ్మ. "నాకు తెల్దు. తెల్సినట్టు తిరిగాను."

నజీర్ చూపించాడు. సగం కొరికి పారేసిన చిగుళ్ళు. రాతి మీద ఎండిన పెంట, అందులో గింజలు. కొమ్మ విరిగిన చోట తడి ఆరిందా లేదా. గురువమ్మ వంగి వంగి చూసింది. ముళ్ళల్లో దూరింది. తోటికోడలి పెళ్ళిళ్ళ చీర అంచు రెండుచోట్ల చిరిగింది. కూర్చుంటేనే కనబడతాయన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నజీర్ కూడా గుర్తు చెయ్యలేదు, అదొక మర్యాద.

"మంద ఇక్కడే ఉంది పెద్దమ్మా, గట్టు అవతల. అందులో మనది ఉందో లేదో అదే తెలియాల."

"ఉంటే బొట్టుంటాది గదా."

"గోరింటాకు ఎన్నాళ్ళుంటది? బొచ్చు రాలి కొత్తది వచ్చుంటది."

ఎండలు ముదిరాయి. జీడిపళ్ళు పసుపూ ఎరుపూ తిరిగాయి. కొండంతా ఆ తియ్యటి ఘాటు వాసన. రేంజరు గారు ఒకసారి అడిగారు, రెండోసారి అడగలేదు.

ఒక పొద్దున్న నజీర్ చెయ్యెత్తి ఆగాడు. లోయకి అటువైపు చెట్ల మీద మంద. పెద్దవీ చిన్నవీ కలిసి జీడిపళ్ళ మీద పడ్డాయి. గురువమ్మ రాయి చాటున కూర్చుని కళ్ళు చికిలించింది. అన్నీ ఒకే రంగు. ఏ నుదుటా ఎరుపు లేదు. అన్నీ ఒకేలా తెంపి, ఒకేలా కొరికి, గింజ పారేస్తున్నాయి. చూసి చూసి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎండకో దేనికో.

అప్పుడు ఒక చివరి కొమ్మ మీది కోతి పండు తెంపింది. కొరకలేదు. తొడ మీద తుడిచింది. తిప్పి మళ్ళీ తుడిచింది. పక్కనే ఉన్న పెద్ద ఆడకోతి దాన్ని ఆనుకుని కూర్చుని, దాని వీపులో పేలు చూస్తోంది.

గురువమ్మ నజీర్ చెయ్యి పట్టుకుంది. మాట రాలేదు. జీవితంలో మొదటిసారి, నోట్లో నిప్పు లేకుండానే.

అంత దూరంలో ఉంది చిట్టెమ్మ. నడుం దగ్గర తాడు ఒరిసిన చోట బొచ్చు వచ్చిందో లేదో ఇక్కడినుంచి ఆనడం లేదు. గురువమ్మ చెయ్యి తనకు తెలియకుండానే రొండి మీదికి వెళ్ళింది. ఆ ఒక్క చుట్టా అక్కడే ఉంది. గాలి ఇటునుంచి అటే వీస్తోంది. ఒక్క దమ్ము చాలు. గట్టు దిగి, లోయ దాటి, ఎదురు కొమ్మ మీదికి వస్తుంది. దగ్గరగా చూడొచ్చు. ఆ ఒంటికన్ను చూపు ఒక్కసారి.

చుట్ట తీసింది. అరచేతిలో పెట్టుకుని చూసింది. నజీర్ చేతిలో పెట్టేసింది.

"నీ కాడ ఉంచు బాబూ. నాకియ్యమాకు."

అవతల మంద కదిలింది. చిట్టెమ్మ ఒక్కసారి ఇటు తల తిప్పింది. ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలావిడ ఎవరో రాయి చాటున కూర్చుని ఉంది. చేతిలో ఉన్న పండు చప్పరించి, పెద్ద ఆడకోతి వెనకాల గట్టు దాటి వెళ్ళిపోయింది.

షెడ్డు దగ్గర రేంజరు గారు లేచి నిలబడి విన్నారు.

"దగ్గరకొచ్చిందా?"

"రానేదు బాబూ" అంది గురువమ్మ. డేగ చూపు గురించి కూడా అంత గర్వంగా ఎప్పుడూ చెప్పలేదు. "నన్ను సూసి కూడా రానేదు."

ఆయన ఖాళీ బోనుని షెడ్డు లోపలికి చేర్పించారు.

ఇంటికొచ్చేసరికి కిటికీ అవతల తోటికోడలు కాచుకుని ఉంది. తన చీర అంచు చిరిగి ఉండటం చూసింది.

"అగుపించిందా?"

"అగుపించింది."

"నిన్ను సూసిందా?"

"సూసింది. ఎవులో చిట్టెమ్మొచ్చిందనుకుని ఎల్లిపోనాది."

తోటికోడలు అటు తిరిగి, భుజం మీంచి ఒక్క కన్నుతో చూసింది. గురువమ్మకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్ళు తుడుచుకోవడానికి కొంగు తీసి, అది ఎవరి కొంగో గుర్తొచ్చి, అయినా తుడుచుకుంది.

"సీర ఇచ్చీ మరి, ఉతుక్కుంటాను" అంది తోటికోడలు కిటికీలోంచి చెయ్యి చాపి.

"ఇయ్యను. సోమారం మళ్ళీ ఎల్లాల."